క్లాసయ్యాక ఎటు?

ఢిల్లీ మెట్రో పింక్ లైన్లో ఒక స్టేషన్ పేరు వినగానే తెలుగువాళ్లు తలెత్తి చూస్తారు: దుర్గాబాయి దేశ్‌ముఖ్ సౌత్ క్యాంపస్. రాజమండ్రిలో పుట్టి, మద్రాసులో ఆంధ్ర మహిళా సభను స్థాపించి, రాజ్యాంగ సభలో సభ్యురాలైన దుర్గాబాయే ఆమె. ఢిల్లీలో స్థిరపడ్డ తెలుగు కుటుంబాల పిల్లల చదువు కోసం 1948లో ఆంధ్ర ఎడ్యుకేషన్ సొసైటీని మొదలుపెట్టింది కూడా ఆవిడే. స్టేషన్‌కు దగ్గర్లోనే శ్రీ వెంకటేశ్వర కాలేజీ ఉంది. తిరుమల తిరుపతి దేవస్థానం 1961లో నెలకొల్పిన ఈ కాలేజీ వెనక దుర్గాబాయి, కె.ఎల్. రావు వంటివారి పూనిక ఉంది. విద్యార్థులు దాన్ని ముద్దుగా ‘వెంకీ’ అంటారు. ఏటా ఆగస్టులో, వానలు ఇంకా వెనక్కి తగ్గని రోజుల్లో, పెద్ద సూట్‌కేసులు, వాటి పక్కన తాడుతో బిగించిన ఆవకాయ జాడీ పెట్టెలతో కొన్ని తెలుగు కుటుంబాలు ఈ చుట్టుపక్కల సందుల్లో తిరుగుతూ కనిపిస్తాయి. సీటు వచ్చింది. గది దొరకాలి. గది దొరికాక మనుషులు దొరకాలి.

ఈ మూడోదాని గురించి అడ్మిషన్ పుస్తకాల్లో ఏమీ ఉండదు. ఫీజు ఎంత, కోర్సు ఏది, ఉద్యోగాలు వస్తాయా అని పదిమందిని అడిగే తల్లిదండ్రులు, సాయంత్రం నాలుగింటికి క్లాసు అయ్యాక పిల్లవాడు ఎటు వెళ్తాడని అడగరు. తొలి ఏడాది నిలబడటమా, మధ్యలో మూటాముల్లె సర్దుకుని వచ్చేయడమా అనేది చాలామంది విషయంలో ఆ సాయంత్రాల మీదే ఆధారపడి ఉంటుంది.

ఢిల్లీ యూనివర్సిటీని ఒక గోడ, ఒక గేటు ఉన్న చోటుగా ఊహించుకుని వచ్చేవాళ్లకు మొదటి వారమే ఆశ్చర్యం కలుగుతుంది. 1922లో ఇది మొదలైనప్పుడు దీనికింద ఉన్నవి సెయింట్ స్టీఫెన్స్, హిందూ, రాంజస్ అనే మూడు కాలేజీలు. ఇప్పుడు సుమారు తొంభై కాలేజీలు నగరమంతా పరుచుకుని ఉన్నాయి. డిగ్రీ సీట్లే 70 వేల దాకా ఉంటాయి. ఉత్తరాన పాత క్యాంపస్‌లో కాలేజీలు ఒకదాని పక్కన ఒకటి ఉంటాయి. రోడ్డు దాటితే ఇంకో కాలేజీ. దక్షిణాన అలా కాదు. ఒక కాలేజీకీ ఇంకో కాలేజీకీ మధ్య ఫ్లైఓవర్లు, కాలనీలు, మార్కెట్లు అడ్డు. అందువల్ల మొదటి ఏడాది విద్యార్థికి యూనివర్సిటీ అంటే ఆచరణలో తన కాలేజీ, తన గది ఉన్న సందు, ఆ రెంటినీ కలిపే మెట్రో లైను. అంతే. మిగతాది మెల్లగా తెలుస్తుంది.

ఇక్కడికి వచ్చే తెలుగు పిల్లల్లో ఎక్కువమంది ఇంటర్ చదివిన తీరు గుర్తు చేసుకోవాలి. తెల్లవారకముందే లేపి కూర్చోబెట్టే స్టడీ అవర్లు, రాత్రి పది దాటాక ఆగే చదువు, వారాంతం పరీక్ష, ఆదివారం కాసేపు తల్లిదండ్రులతో ఫోను. అమ్మాయిలకు వేరే క్యాంపస్, అబ్బాయిలకు వేరే క్యాంపస్. ఆ రెండేళ్లలో స్నేహితులు లేరని కాదు. పక్క మంచం మీద పడుకునేవాడే స్నేహితుడు, ఎంచుకునే పని లేదు. అలాంటి చోటు నుంచి వచ్చిన పద్దెనిమిదేళ్ల మనిషి చేతికి ఒక్కసారిగా రోజుకు ఆరేడు గంటల ఖాళీ వస్తుంది. మధ్యాహ్నం పన్నెండున్నరకు క్లాసు అయిపోతుంది, మళ్లీ మూడింటికి ట్యుటోరియల్. ఆ రెండున్నర గంటలు ఎక్కడ కూర్చోవాలి, ఎవరి పక్కన కూర్చోవాలి, ఏం మాట్లాడాలి అన్నది అంతవరకు ఎవరూ నేర్పని పాఠం.

పైగా భాష. తరగతిలో ఇంగ్లీషు, మెట్ల మీద హిందీ. హైదరాబాద్ నుంచి వచ్చినవాళ్లకు హిందీ వచ్చు కానీ అది వాళ్ల ఊరి హిందీ. ‘నక్కో’, ‘హౌ’ అనగానే చుట్టూ ఉన్నవాళ్లు నవ్వుతారు, ఎక్కువమంది సరదాగానే. శ్రీకాకుళం, ప్రకాశం జిల్లాల నుంచి వచ్చినవాళ్ల పరిస్థితి వేరు. చదువులో అందరికన్నా ముందున్నా, నలుగురూ హిందీలో జోకులేసుకుంటున్నప్పుడు ఒక క్షణం ఆలస్యంగా నవ్వాల్సి వస్తుంది. ఆ ఒక్క క్షణం మనిషిని ఎంత వెనక్కి లాగుతుందో అనుభవించినవాళ్లకే తెలుసు. చాలామంది మొదటి రెండు నెలలు అందుకే మాట్లాడకుండా గడిపేస్తారు. వాళ్లకు పొగరని కొందరు అనుకుంటారు, బిడియమని కొందరు అనుకుంటారు. నిజానికి వాళ్లు లోపల వాక్యం కూర్చుకుంటూ ఉంటారు.

మరి స్నేహం ఎలా కుదురుతుంది? దీని మీద లెక్కగట్టి చూసినవాళ్లు ఉన్నారు. అమెరికాలో కాన్సస్ యూనివర్సిటీకి చెందిన జెఫ్రీ హాల్ కొత్తగా ఊరు మారిన పెద్దలనూ, అప్పుడే కాలేజీలో చేరిన మొదటి ఏడాది విద్యార్థులనూ పరిశీలించి 2018లో ఒక అధ్యయనం వెలువరించారు. ముఖపరిచయం దాటి మామూలు స్నేహం కావడానికి దాదాపు 50 గంటలు కలిసి గడపాలి; స్నేహితుడు అని చెప్పుకునే దాకా రావడానికి 90 గంటలు; ఆప్తమిత్రులు కావాలంటే 200 గంటలకు పైనే. ఇంకో సంగతి కూడా అందులో తేలింది. పక్కపక్క బెంచీల్లో కూర్చుని పాఠం విన్న గంటలు ఈ లెక్కలో అంతగా పనికిరావు. కలిసి తిన్నవి, తిరిగినవి, ఊరికే కూర్చుని మాట్లాడుకున్నవే పనికొస్తాయి.

ఈ లెక్క ఢిల్లీ సాయంత్రాలకు అన్వయిస్తే చాలా విషయాలు విడిపోతాయి. రోజుకు రెండు గంటల చొప్పున కలిసి గడిపినా తొంభై గంటలకు నెలన్నర పడుతుంది. ఆగస్టులో చేరిన పిల్లలు సెప్టెంబరు మొదట్లో ఇంటికి ఫోన్ చేసి ‘ఇక్కడ నాకెవరూ లేరమ్మా’ అని ఏడిస్తే అది వాళ్ల లోపం కాదు. గంటలు ఇంకా పూర్తి కాలేదు. ఈ ఒక్క మాట వాళ్లకు ముందే ఎవరైనా చెప్పి పంపితే ఎన్ని రాత్రులు తేలిగ్గా గడిచేవో.

అదే 2018లో ఎరికా బూత్‌బీ, ఆమె సహచరులు ప్రచురించిన మరో అధ్యయనం కూడా హాస్టల్ గదులకు సంబంధించినదే. కొత్తవాళ్లతో మాట్లాడి వచ్చాక, ఎదుటివాళ్లకు తాము నచ్చలేదేమో అని మనుషులు అనుకుంటారు. అడిగి చూస్తే వాళ్లకు నిజంగా నచ్చిన పాళ్లు అంతకన్నా ఎక్కువగా ఉన్నాయి. ఒకే చోట ఉంటున్న మొదటి ఏడాది విద్యార్థుల్లో ఈ తప్పుడు అంచనా నెలల తరబడి కొనసాగిందట. ‘వాళ్ల గుంపులో నేనెందుకు’ అని తప్పుకునే పిల్లలు ఎంతమందో. ఆ గుంపులో ఉన్న ఇద్దరు ముగ్గురు వీళ్లు వస్తే బాగుండునని అనుకుంటూ ఉండే అవకాశమే ఎక్కువ.

గంటలు పోగయ్యే చోట్లు ఢిల్లీలో చాలా ఉన్నాయి. ఉత్తర క్యాంపస్‌వాళ్లకు కమలా నగర్ మార్కెట్, అక్కడి చోలే భటూరే, హడ్సన్ లేన్ కెఫేలు, యమున ఒడ్డున టిబెటన్లు కట్టుకున్న మజ్నూ కా టీలా. దక్షిణాన సత్య నికేతన్ సందులు. వెంకీ కాలేజీకి ఎదురుగా ఉన్న ఈ చిన్న కాలనీలో మేడ మీద మేడ, ప్రతి మేడలో పీజీ గదులు, కింద టీ కొట్లు, మోమోల బండ్లు. దుర్గాబాయి స్టేషన్ నుంచి మూడో స్టేషన్ సరోజినీ నగర్. హైదరాబాద్‌లో పుట్టిన సరోజినీ నాయుడు పేరు మీద ఉన్న ఈ కాలనీ మార్కెట్లో రెండు మూడొందలకు చలికోటు బేరమాడటం దక్షిణాది నుంచి వచ్చిన ప్రతి కొత్త విద్యార్థికీ దాదాపు సంప్రదాయం లాంటిది. నవంబరు వస్తోంది, స్వెటర్లు లేవు, ఎవరో ఒక సీనియర్ నలుగురిని వెంటబెట్టుకుని బయల్దేరుతుంది. సాయంత్రం తిరిగొచ్చేసరికి ఆ నలుగురు ఒక జట్టు.

అమ్మాయిలు ఈ నగరంలో తిరగడానికి ఒక చిన్న వెసులుబాటు పెద్ద మేలు చేసింది. 2019 అక్టోబరులో ఢిల్లీ సిటీ బస్సుల్లో ఆడవాళ్లకు ప్రయాణం ఉచితం చేశారు. నెలాఖరులో చేతిలో వంద రూపాయలే ఉన్నా నగరం ఒక మూల నుంచి ఇంకో మూలకు వెళ్లి స్నేహితురాలిని చూసి రావడానికి వీలైంది.

డబ్బు ప్రస్తావన వచ్చింది కాబట్టి అది దాటవేయకూడదు. హాస్టల్ సీట్లు విద్యార్థుల సంఖ్యతో పోలిస్తే బహుతక్కువ. బయటి ఊళ్ల నుంచి వచ్చినవాళ్లలో ఎక్కువమంది పీజీల్లోనే ఉంటారు. కాలేజీకి దగ్గర్లో మంచి పీజీకి తిండితో కలిపి నెలకు పది వేలు దాటడం మామూలే. దాని పైన రోజువారీ స్నేహానికి కూడా ఖర్చుంటుంది. అక్కడి పిల్లలు వాడే మాట ‘కాంట్రీ’. పుట్టినరోజు కేకుకు కాంట్రీ, సినిమాకు కాంట్రీ, అర్ధరాత్రి పరోటాలకు కాంట్రీ. ఫోన్లో వాటా లెక్కగట్టి అడుగుతారు, వెంటనే పంపాలి. అరవై రూపాయల మ్యాగీ ఇద్దరు పంచుకుంటే స్నేహం. ఆరు వందల కెఫే బిల్లు వారానికి రెండుసార్లు పడితే, రైతు కుటుంబం నుంచి వచ్చిన పిల్లవాడు ‘ఈ రోజు తలనొప్పి’ అనడం మొదలుపెడతాడు. మూడుసార్లు అలా అన్నాక ఎవరూ పిలవరు. దీన్ని గమనించి, కెఫేకి బదులు కాలేజీ పచ్చిక మీద కూర్చుందామని ముందుగా అనే మనిషి జట్టులో ఒక్కరున్నా చాలు. కాలేజీల క్యాంటీన్లు చవకగా, సాయంత్రం దాకా తెరిచి ఉండాలని విద్యార్థులు పట్టుబట్టడం వెనక ఉన్న కారణం ఆకలి ఒక్కటే కాదు.

ఢిల్లీ యూనివర్సిటీ తొలి ఏడాదిలో అందరి నోటా నానే మాట ఇంకోటుంది: సొసైటీలు. నాటకం, నాట్యం, పాట, చర్చ, ఫొటోగ్రఫీ, క్విజ్, సేవ, ఇలా ప్రతి కాలేజీలో పది పదిహేను బృందాలు. ఆగస్టు, సెప్టెంబరుల్లో వాటికి ఆడిషన్లు జరుగుతాయి. వీటిలో వీధి నాటకాల బృందాల ప్రతిష్ఠ ప్రత్యేకం. హిందూ కాలేజీలో ‘ఇబ్తిదా’, రాంజస్‌లో ‘శూన్య’, కిరోరీమల్‌లో ‘ద ప్లేయర్స్’, వెంకీలో ‘అనుభూతి’. వేదిక లేదు, తెర లేదు, మైకు లేదు. పదిహేను ఇరవైమంది ఒకే రంగు కుర్తాలతో గుండ్రంగా నిలబడి, డోలు మోత మీద గొంతెత్తితే నాలుగు పక్కలా జనం కమ్ముకుంటారు.

ఈ సంప్రదాయానికి నెత్తుటి చరిత్ర ఉంది. సెయింట్ స్టీఫెన్స్‌లో చదివిన సఫ్దర్ హష్మీ 1973లో మొదలైన జన నాట్య మంచ్ వ్యవస్థాపకుల్లో ఒకరు. 1989 జనవరి 1న ఢిల్లీ పొలిమేరల్లోని సాహిబాబాద్‌లో, ఝండాపూర్ అనే కార్మిక వాడలో ‘హల్లా బోల్’ నాటకం ఆడుతుండగా ఆయన బృందం మీద దాడి జరిగింది. మర్నాడు ఆయన చనిపోయారు. అప్పటికి ఆయన వయసు 34. రెండు రోజుల తర్వాత ఆయన భార్య మొలొయశ్రీ, బృందం అదే చోటికి తిరిగి వెళ్లి, సగంలో ఆగిన నాటకాన్ని పూర్తి చేశారు. ఆయన పుట్టిన ఏప్రిల్ 12ను వీధి నాటక దినోత్సవంగా జరుపుతారు. ప్రజానాట్యమండలి పేరు ఇంట్లో విని పెరిగిన తెలుగు పిల్లలకు ఈ నేల మరీ కొత్తగా అనిపించదు.

ఆడిషన్లో నెగ్గిన కొత్తవాళ్ల చేతికి వెంటనే పాత్రలు రావు. క్లాసులయ్యాక పరుగు, గొంతు సాధన, ఒకే అడుగు వందసార్లు వేయడం. నాటకం కూడా ముందే రాసి ఉండదు. ఒక విషయం తీసుకుని, పట్టణంలో తిరిగి మనుషులతో మాట్లాడి, వారాల తరబడి చర్చించి కలిసి అల్లుకుంటారు. హిందీ సరిగా రాని పిల్లవాడికి మొదట కోరస్‌లో చోటు దొరుకుతుంది, లేదా డోలు దొరుకుతుంది. రోజుకు మూడు నాలుగు గంటలు అదే ఇరవైమందితో చెమటోడ్చి, ఆ తర్వాత ఒకే ప్లేటులో తింటారు. జెఫ్రీ హాల్ చెప్పిన 200 గంటలు ఇక్కడ మూడు నెలలు తిరగకముందే నిండుతాయి. హిందీ కూడా అక్కడే పట్టుబడుతుంది. వీధి నాటకంలో గట్టిగా, విడమరిచి పలకాలి; తడబాటుకు చోటుండదు, అందరూ కలిసి పలుకుతారు కాబట్టి భయానికీ చోటుండదు. జనవరి నుంచి మార్చి దాకా కాలేజీ ఫెస్టుల కాలం. హిందూలో ‘మక్కా’, వెంకీలో ‘నెక్సస్’, మిరాండా హౌస్‌లో ‘టెంపెస్ట్’, లేడీ శ్రీరామ్‌లో ‘తరంగ్’. అప్పటికి ఆ కొత్త పిల్లలు కాలేజీ కాలేజీకీ తిరిగి ఆడతారు. యూనివర్సిటీ అన్నది ఇంత పెద్దదా అని వాళ్లకు మొదటిసారి తెలిసేది ఆ తిరుగుడులోనే.

అయితే ఈ సొసైటీల తలుపులు అందరికీ తెరుచుకోవు. ఇరవై చోట్లకు వందలమంది వస్తారు. కొన్ని బృందాలు దరఖాస్తు ఫారాలు, బృంద చర్చ, రెండు మూడు విడతల ఇంటర్వ్యూలు అంటూ ఉద్యోగ నియామకాలను తలపించే తంతు పెట్టుకున్నాయి. నగరంలోని పెద్ద బడుల్లో చదివి, అప్పటికే చర్చాపోటీల్లో ఆరితేరినవాళ్లు సులువుగా దాటుతారు. చిన్న ఊరి నుంచి వచ్చిన విద్యార్థి ఒకే నెలలో నాలుగు చోట్ల కాదనిపించుకుంటాడు. నేర్చుకోవడానికి వచ్చినవాళ్లను, ఇప్పటికే నేర్చుకుని వచ్చారా అని అడిగి వడపోయడం సరైన పని కాదు. పదిహేడు, పద్దెనిమిదేళ్ల పిల్లలకు యూనివర్సిటీలో మొదటి నెల అనుభవం తిరస్కరణ కాకూడదు. పోటీ జట్టును వేరుగా ఎంచుకుని, వారానికోసారి ఎవరైనా వచ్చి కూర్చునే సాధన గంట ఒకటి పెట్టడానికి పెద్ద ఖర్చేమీ కాదు. సొసైటీలు నడిపే సీనియర్లు తలచుకుంటే వచ్చే ఆగస్టులోనే చేయగలిగిన పని అది.

కాలేజీ కాలెండరు కూడా ఈ పిల్లలకు ప్రతిసారీ అనుకూలించలేదు. 2020లో చేరిన బ్యాచ్ క్లాసులు ఆ నవంబరులో ఆన్‌లైన్లో మొదలయ్యాయి. కాలేజీలు మళ్లీ పూర్తిగా తెరిచింది 2022 ఫిబ్రవరి 17న. అంటే వాళ్లు తమ క్లాస్‌మేట్లను ఎదురుగా చూసేసరికి నాలుగో సెమిస్టర్. మూడేళ్ల చదువులో సగం ఫోన్ తెర మీద గడిచిపోయింది. ఫ్రెషర్స్ పార్టీ జరగని సీనియర్లు వాళ్లు, తమకు ఎవరూ చూపించని క్యాంపస్‌ను జూనియర్లకు చూపించాల్సి వచ్చింది. 2022లో మార్కుల కటాఫ్ పోయి సీయూఈటీ అనే ప్రవేశ పరీక్ష వచ్చింది. ఆ మొదటి ఏడాది అడ్మిషన్లు జాగు కావడంతో క్లాసులు నవంబరు 2న మొదలయ్యాయి. నవంబరంటే ఢిల్లీలో పొగమంచుతో కలిసిన కాలుష్యం గొంతు పట్టే నెల. పచ్చిక మీద కూర్చోవడానికి లేదు, ఉత్తర క్యాంపస్ పక్కనున్న రిడ్జ్ అడవిలో నడవడానికి లేదు. ఆ తర్వాత క్లాసులు మొదలయ్యే తేదీ ముందుకు జరిగి 2025లో ఆగస్టు 1కి వచ్చింది. ఈ తేదీల మార్పు పాలనా వ్యవహారంలా కనిపిస్తుంది కానీ, కొత్తవాళ్లకు వానాకాలపు రెండు నెలలు దక్కాయా లేదా అన్నది దీంతోనే తేలుతుంది.

సెప్టెంబరులో ఇంకో హడావుడి. ఢిల్లీ యూనివర్సిటీ విద్యార్థి సంఘం ఎన్నికలు. తెలుగు రాష్ట్రాల కాలేజీల్లో ఇలాంటి ఎన్నికలు ఆగిపోయి దశాబ్దాలయ్యాయి; హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీ వంటి కొన్ని చోట్లే మిగిలాయి. అందువల్ల ఇక్కడి నుంచి వెళ్లినవాళ్లు కార్ల వరసలు, నేల మీద పరుచుకున్న కరపత్రాలు, క్లాసు మధ్యలో వచ్చి ఓటడిగే అభ్యర్థులను విస్తుపోయి చూస్తారు. లింగ్డో కమిటీ సిఫార్సుల ప్రకారం ఒక్కో అభ్యర్థి ఖర్చు 5,000 రూపాయలు దాటకూడదు, అచ్చు పోస్టర్లు వాడకూడదు. వీధుల్లో కనిపించేది వేరు. 2024లో గోడల మీద పోస్టర్లు, రాతలు తొలగించే దాకా ఓట్లు లెక్కించవద్దని ఢిల్లీ హైకోర్టు ఆపేసింది. సెప్టెంబరులో వేసిన ఓట్లను నవంబరు చివర్లో లెక్కపెట్టారు. అయినా కొత్త విద్యార్థికి ఈ ఎన్నికలు ఇంకో రకంగా ఉపయోగపడతాయి. జీవితంలో మొదటిసారి ఎవరో వచ్చి ‘నీ సమస్య ఏమిటి’ అని అడుగుతారు, హాస్టల్ గురించీ బస్సు గురించీ నోరు తెరిచి చెప్పే సందర్భం వస్తుంది.

అమ్మాయిల సాయంత్రాల మీద మాత్రం గడియారం కూర్చుని ఉంటుంది. అబ్బాయిలకు లేని వేళలు, అమ్మాయిల హాస్టళ్లకు, పీజీలకు ఎందుకు అన్న ప్రశ్నతో 2015లో ‘పింజ్రా తోడ్’ ఉద్యమం మొదలైంది. పంజరం బద్దలు కొట్టు అన్నది ఆ పిలుపు. రిహార్సల్ రాత్రి ఎనిమిదింటికి అయిపోతుందనగా ఏడున్నరకే బ్యాగు సర్దుకుని పరుగెత్తే అమ్మాయికి నాటకంలో మంచి పాత్ర రాదు, లైబ్రరీలో చివరి గంట దక్కదు, చర్చ వేడెక్కే సమయానికి తను ఉండదు. భద్రత కోసమే కదా అంటారు. కానీ 2020 ఫిబ్రవరిలో గార్గి కాలేజీ ఫెస్టులో, 2023 మార్చిలో ఇంద్రప్రస్థ కాలేజీ ఫెస్టులో బయటి మగవాళ్లు గుంపులుగా చొరబడి అమ్మాయిలను వేధించింది కాలేజీ గోడల లోపలే. ఆడపిల్లను లోపల పెట్టి తాళం వేయడం వల్ల ఆ గోడలు భద్రంగా మారలేదు. ఆ ఘటనల తర్వాత ఫెస్టుల నిర్వహణకు యూనివర్సిటీ నిబంధనలు పెట్టింది. గేటు దగ్గర కాపలా, వీధిలో దీపాలు, రాత్రి బస్సు, ఫిర్యాదు చేస్తే వెంటనే వినే మనిషి, ఇవి ఉంటే అమ్మాయిలు తమ సాయంత్రాలను తామే చూసుకుంటారు.

ర్యాగింగ్ భయం ఇంకా ఇంట్లోవాళ్ల మనసులో ఉంటుంది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ 1997లోనే దీని మీద చట్టం చేసింది, యూజీసీ 2009లో దేశమంతటికీ నిబంధనలు తెచ్చింది. 1800-180-5522కు రాత్రైనా పగలైనా ఫోన్ చేయవచ్చు. ఢిల్లీ డిగ్రీ కాలేజీల్లో ఎక్కువమంది ఎదుర్కొనే బాధ దానికన్నా నెమ్మదిది. ‘నీకు స్కోరెంత వచ్చింది?’ అని నవ్వుతూ అడుగుతారు. అడిగేది మార్కుల గురించి కాదు, ఏ కేటగిరీలో సీటొచ్చిందో తెలుసుకోవడానికి. జవాబు విన్నాక ఎవరి పక్కన ఎవరు కూర్చుంటారన్నది మారిపోతుంది. దీన్ని చిన్న విషయమని కొట్టిపారేయడం తప్పు. యూజీసీ 2012లో తెచ్చిన సమానత్వ నిబంధనల్లో ఇలాంటి వివక్షను పట్టించుకోవాల్సిన బాధ్యత విద్యాసంస్థలదే అని ఉంది. ఆ బాధ్యత నోటీసు బోర్డు దగ్గర ఆగకుండా ఓరియెంటేషన్ రోజునే, ఆ ప్రశ్న వేయకూడదని అందరి ముందూ చెప్పడం దాకా రావాలి.

తెలుగువాళ్లు తెలుగువాళ్లను వెతుక్కుంటారు. ఇది సహజం, అవసరం కూడా. అశోకా రోడ్డులోని ఆంధ్ర భవన్ క్యాంటీన్లో ఆదివారం బిర్యానీ కోసం నిలబడ్డ వరసలో ఎంతమంది పరిచయమయ్యారో. మామూలు రోజుల్లో పప్పు, పచ్చడి, నెయ్యి, ఎంత కావాలంటే అంత అన్నం. నెలరోజులుగా రాజ్మా, రోటీలతో సరిపెట్టుకున్న కడుపుకు ఆ భోజనం ఏమిటో చెప్పక్కర్లేదు. ‘ఏ ఊరు తమ్ముడూ?’ అని పక్క ప్లేటు నుంచి ఎవరో అడుగుతారు. సివిల్స్‌కు చదువుతున్న అన్నయ్యో, సచివాలయంలో పనిచేసే పెద్దాయనో. మంచి పీజీ ఎక్కడ, జ్వరం వస్తే ఎవరి దగ్గరికి వెళ్లాలి అన్న సమాచారమంతా అక్కడే దొరుకుతుంది. దసరా ముందు తెలంగాణ భవన్‌లో బతుకమ్మ పేరుస్తారు. ఢిల్లీ యూనివర్సిటీ ఆధునిక భారతీయ భాషల శాఖలో తెలుగు పాఠం కూడా ఉంది.

ఇంటి భాషలో గొంతు విప్పగలిగే చోటు ఒకటి ఉన్నప్పుడే మనిషి మిగతా చోట్ల ధైర్యంగా తిరగగలడు. కానీ వారంలో ఏడు సాయంత్రాలూ అదే గదిలో, అదే ఐదుగురు తెలుగువాళ్లతో గడిపితే ఇంత దూరం వచ్చిన ఫలితం సగమే దక్కుతుంది. ఈశాన్యం నుంచి వచ్చిన విద్యార్థుల అనుభవం ఇక్కడ గమనించాలి. ముఖం చూసి వెక్కిరించే నగరంలో వాళ్లు తమ రాష్ట్రాల సంఘాలను గట్టిగా కట్టుకున్నారు; అక్కడి బలంతోనే కాలేజీ బ్యాండుల్లో, ఫుట్‌బాల్ జట్లలో నడిమధ్య నిలబడ్డారు. మణిపూర్ అమ్మాయి, గుంటూరు అమ్మాయి పక్క గదుల్లో ఉన్నప్పుడు ఇద్దరికీ హిందీ పరాయిదే. ఇలాంటి జంటల స్నేహాలు చాలా త్వరగా కుదురుతాయి. ఒకరి గదిలో ఎండుచేప, ఇంకొకరి గదిలో గోంగూర; రెండింటి వాసనకూ పీజీ ఆంటీ ఒకేలా కేకలేస్తుంది.

ఇంటికి ఫోన్ అన్నది వేరే చిక్కు. ‘తిన్నావా, చదువుతున్నావా’ అనే రెండు ప్రశ్నలకు అవునని చెప్పి పెట్టేసే పిల్లలు మూడో ప్రశ్న కోసం ఎదురుచూస్తుంటారు. ఈ రోజు ఎవరితో కూర్చుని తిన్నావు అని అడిగి చూస్తే వాళ్ల పరిస్థితి మాటల్లోనే తెలిసిపోతుంది. పేర్లు వినిపిస్తే సరే. వారాలు గడిచినా ఒక్క పేరూ వినిపించకపోతే, క్లాసులు ఎగ్గొట్టి గదిలోనే పడుకుంటున్నట్టు తెలిస్తే, తిండి తగ్గితే, వెంటనే పట్టించుకోవాలి. కాలేజీ కౌన్సెలర్‌ను కలవమనాలి; కేంద్ర ప్రభుత్వం 2022లో మొదలుపెట్టిన టెలీమానస్ నంబరు 14416కు ఫోన్ చేస్తే తెలుగుతో సహా పలు భాషల్లో మాట్లాడతారు. రైలెక్కి వెళ్లి రెండు రోజులు పక్కన కూర్చునే వీలున్న తల్లిదండ్రులు వెళ్లడమే మంచిది. మార్కులు తగ్గినందుకు కోప్పడటం అప్పుడు వద్దు.

డిసెంబరు, జనవరిల్లో సెమిస్టర్ పరీక్షలు. సంక్రాంతికి ఇంటికి వెళ్లే వీలు చాలాసార్లు దొరకదు. గదిలో హీటర్ పెట్టుకుని ఆరుగురు ఒకే దుప్పటి కింద చదువుతారు. ఆగస్టులో వాక్యం కూర్చుకోవడానికి తడబడినవాళ్లు అప్పటికి ఆటోవాడితో బేరమాడుతుంటారు, ప్రొఫెసర్‌తో వాదిస్తుంటారు. మార్చిలో హోలీ వస్తుంది, ఏప్రిల్లో ఎండ ముదురుతుంది, మే నెలలో మళ్లీ పరీక్షలు. ఆ మధ్యలోనే ఇంకో ప్రశ్న మొదలవుతుంది. పీజీ ఖాళీ చేసి వచ్చే ఏడాదికి ముగ్గురు నలుగురు కలిసి ఫ్లాట్ తీసుకోవాలి. ఉత్తరాన విజయ్ నగర్‌లోనా, దక్షిణాన సత్య నికేతన్‌లోనా? వంట ఎవరు చేస్తారు, అడ్వాన్స్ ఎవరు కడతారు, రాత్రి రెండింటి దాకా లైటు వేసుకునేవాళ్లతో పొద్దున్నే లేచేవాళ్లు ఎలా సర్దుకుంటారు? మాంసం వండితే ఇల్లు ఇవ్వననే యజమానులు, పెళ్లికాని కుర్రాళ్లకు అద్దెకివ్వమనే యజమానులు, నెల అద్దె కమిషన్ అడిగే బ్రోకర్లు. ఈ బేరసారాలన్నీ తట్టుకుని ఒకే అద్దె ఒప్పందం మీద సంతకాలు పెట్టే నలుగురిలో ఒకరు జార్ఖండ్, ఒకరు హర్యానా, ఒకరు కేరళ, ఒకరు ఒంగోలు నుంచి వచ్చినవాళ్లు కావడం సత్య నికేతన్‌లో ఎవరికీ వింత కాదు. జూన్ నెల అద్దె ఖాళీగా కట్టాలా, ఆగస్టు నుంచి తీసుకుంటే ఇల్లు ఉంటుందా అన్న దాని మీద ఇంకా వాళ్ల మధ్య తేలలేదు.